తుడిచిన కొద్దీ తెల్లబడుతున్న టైల్స్: కొత్త ఇంటికి ఏ నేల వేయించాలి?

ప్రశ్న: చెరువుగట్టు, వర్తూరు, బెంగళూరు

అందరికీ నమస్కారం. మేము ఆరేళ్లుగా వర్తూరు దగ్గర ఒక అపార్ట్‌మెంటులో అద్దెకు ఉంటున్నాము. హాలులోనూ గదులలోనూ మెరుపు పాలిష్ ఉన్న లేత గోధుమరంగు విట్రిఫైడ్ టైల్స్ ఉన్నాయి. ప్రతి ఉదయం ఊడ్పించి తడిగుడ్డ పెట్టిస్తాము. తడి ఉన్నంతసేపు నేల అద్దంలా ఉంటుంది. ఆరిన అరగంటకు మాత్రం విభూతి పూసినట్టు తెల్లటి పొర తేలి, బాల్కనీ వైపు నుంచి ఎండ పడినప్పుడు ఎవరు ఎటు నడిచారో అడుగుల గుర్తులతో సహా కనిపిస్తుంది. ఫ్లోర్ క్లీనరు మూడు రకాలు మార్చాము, మోతాదు పెంచాము. పెంచిన కొద్దీ పొర ఎక్కువైంది తప్ప తగ్గలేదు. ఇంటి పనికి వచ్చే ఆమె గుడ్డను సరిగా పిండడం లేదేమోనన్న అనుమానంతో ఒక ఆదివారం నేనే తుడిచి చూశాను. నా తుడుపు ఇంకా అధ్వానంగా ఉందని మా శ్రీమతి తేల్చి చెప్పింది.

ఇది ఇలా ఉండగా, సర్జాపుర రోడ్డు వైపు కొన్న మా సొంత ఫ్లాటు వచ్చే వేసవికి చేతికి రానుంది. హాలుకు 800 మిల్లీమీటర్ల చదరపు డబుల్ ఛార్జ్ విట్రిఫైడ్ టైల్స్ ధరలోనే కలిసి ఉన్నాయని, అదనంగా చెల్లిస్తే ఇటాలియన్ మార్బుల్ వేస్తామని, పడకగదులకు కావాలంటే చెక్కలా కనిపించే లామినేట్ పరుస్తామని బిల్డరు అంటున్నారు. అనంతపురం నుంచి వచ్చి మాతో ఉండబోయే మా అమ్మగారికి 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఊళ్లో మన ఇంటి కడప బండలు ముప్పై ఏళ్లుగా ఒక్క చుక్క ఫినాయిల్ లేకుండా నిగనిగలాడుతున్నాయి కదా, అవే వేయించుకోరాదా అని ఆమె అడుగుతున్నారు. ఇప్పటి టైల్స్ మీద పొర ఎందుకు వస్తున్నదో, కొత్త ఇంట్లో ఈ బాధ రాకుండా ఏ నేల ఎంచుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: కెమిస్ట్రీ మాస్టారు, ఎలహంక

ఆ పొర మీ బకెట్టులోంచే వస్తున్నదని నా అనుమానం. మీ వైపు చాలా అపార్ట్‌మెంట్లు బోరు నీళ్ల మీద, ట్యాంకర్ల మీద నడుస్తున్నాయి. లోతైన బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు కరిగి ఉంటాయి. అటువంటి నీరు నేల మీద ఆరేటప్పుడు కార్బన్ డయాక్సైడు గాలిలోకి పోయి, కరగని కాల్షియం కార్బొనేటు, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థమే, అక్కడ మిగిలిపోతుంది. గీజరు కడ్డీకి పట్టే పెచ్చు, స్టీలు గ్లాసు మీద చుక్కల మచ్చలు, షవరు రంధ్రాలు మూసుకుపోవడం అన్నీ దీని పనులే. మంచి విట్రిఫైడ్ టైల్ తన బరువులో అర శాతం నీటిని కూడా పీల్చుకోదు కాబట్టి ఆ కాల్షియం ఉప్పంతా పైనే నిలుస్తుంది. నున్నగా మెరిసే ఉపరితలం మీద వెలుతురు పడితే ఇట్టే బయటపడుతుంది.

దీని మీద రెండో పొర ఫ్లోర్ క్లీనరుది. బకెట్టుకు ఒక మూత వేయవలసిన చోట నాలుగు మూతలు వేసి, మళ్లీ మంచినీళ్లతో తుడవకపోతే, ఆ ద్రవంలోని నురుగు పదార్థం జిగటగా మిగిలి దుమ్మును పట్టుకుంటుంది. మీరు మోతాదు పెంచిన కొద్దీ పొర పెరగడానికి కారణం ఇదే. సబ్బు నీళ్లతో తుడిస్తే పరిస్థితి మరింత ఘోరంగా ఉంటుంది, ఎందుకంటే కఠిన జలంలోని, అంటే ఇలా కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీటిలోని, కాల్షియంతో సబ్బు కలిసి కరగని మడ్డిగా మారుతుంది.

నా మాట నమ్మనక్కర లేదు, ఇంట్లోనే పరీక్షించుకోండి. పక్కపక్కన ఉన్న మూడు టైల్స్ ఎంచుకుని, ఒకదానిని ఫిల్టరు నుంచి వచ్చే తాగే నీటితో, రెండోదానిని కుళాయి నీటితో, మూడోదానిని మీరు రోజూ వాడే క్లీనరు కలిపిన నీటితో తుడిచి, మూడింటినీ వాటంతట అవే ఆరనివ్వండి. ఎండ ఏటవాలుగా పడే సమయంలో వంగి చూస్తే జవాబు దొరుకుతుంది.

ఇప్పటికే పేరుకున్న పొరను తీయడానికి, విట్రిఫైడ్ టైల్స్ మీద మాత్రమే, ఒక వంతు తెల్ల వెనిగరుకు పది వంతుల నీరు కలిపి తడిపి, ఐదు నిమిషాలు ఆగి, తుడిచి, వెంటనే మంచినీళ్లతో మరోసారి తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. ముందు మంచం కింద ఒక మూల ప్రయత్నించి, తృప్తి కలిగాకే హాలులోకి రండి. టైల్స్ మధ్య సిమెంటు సందులను ఆమ్లం కొద్దికొద్దిగా తినేస్తుంది కనుక ఇది రెండు మూడు నెలలకు ఒకసారి చేసే పని, ప్రతి శుక్రవారం చేసే పని కాదు. టాయిలెట్లకు వాడే యాసిడ్ క్లీనరును హాలులోకి తేవద్దు. దానిని బ్లీచింగుతో కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది, మూసిన గదిలో అది ప్రాణాపాయం.

రోజువారీ పని తేలిక. ముందు ఊడ్చి దుమ్మంతా తీయాలి, మైక్రోఫైబర్ మాపును గట్టిగా పిండి తుడవాలి, నేల తనంతట తాను ఆరేలోపు పొడి మాపు ఒకసారి తిప్పాలి. నీరు గుడ్డలోకి పోతే ఉప్పూ గుడ్డతోనే పోతుంది. ఇంతకీ మీరు తుడవడానికి ఏ నీళ్లు వాడుతున్నారో చెప్పలేదు.

సమాధానం: బండల బేరం, జిగణి

మాది బేతంచెర్ల. ఇరవై రెండేళ్లుగా జిగణి వైపు రాళ్లు, టైల్స్ వ్యాపారంలో ఉన్నాను కాబట్టి నేను చెప్పేదానిలో వ్యాపారి వాసన కొంత ఉండవచ్చు. దానిని వడగట్టుకుని చదవండి.

ముందు మీ అమ్మగారి మాట. కడప నల్లబండ, మా బేతంచెర్ల బండ, తాండూరు బండ, కర్ణాటకలోని షాబాదు బండ, రాజస్థాన్ నుంచి వచ్చే కోటా రాయి, ఇవన్నీ సున్నపురాయి జాతివే. పాలరాయి కూడా భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ రూపు మారిన సున్నపురాయే. అందువల్ల వీటన్నిటికీ ఆమ్లం బద్ధశత్రువు. ఒక చుక్క నిమ్మరసం వేసి పావుగంట ఆగి తుడవండి: రాయి సున్నపు జాతిదైతే అక్కడ మెరుపు చచ్చి మచ్చ మిగులుతుంది, గ్రానైటైతే ఏమీ కాదు. దుకాణంలో అడిగి ఒక ముక్క తెచ్చుకుని ఇంట్లో ఈ పరీక్ష చేసుకోవచ్చును. మీ ఊరి బండలు ముప్పై ఏళ్లు నిలిచాయంటే, వాటి మీద ఎవరూ ఏ రసాయనమూ పోయకపోవడం, ఆ నేలకు మొదటి నుంచీ అద్దం మెరుపు లేకపోవడం, రోజూ నడిచే పాదాలే దానిని నునుపు చేయడం కారణాలు. ఆమె చెప్పినది అక్షరాలా నిజం.

అయినా ఫ్లాటులో బండలు వేయించమని నేను చెప్పను. బండ మందం, దాని కింద మాలు మందం కలిస్తే టైల్స్ కోసం బిల్డరు లెక్కపెట్టిన మట్టం దాటిపోయి, తలుపుల అడుగులు కోయవలసి వస్తుంది, బాల్కనీ దగ్గర నీటి వాలు తారుమారవుతుంది. బండలు అంచు కలిపి పరచగల మేస్త్రీలు కూడా బెంగళూరులో తగ్గిపోయారు. అంతగా మనసు పడితే బాల్కనీకో వంటింటి అరలకో కడప రాయి పెట్టించండి.

ఇటాలియన్ మార్బుల్ విషయంలో నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను: పప్పుచారు, నిమ్మకాయ పులిహోర, పసుపు కుంకుమలు, నూనె దీపం ఉన్న తెలుగు వారి ఇంట్లో దానిని పరచడం కొరివితో తల గోక్కోవడమే. మోస్ గట్టిదనం కొలతలో పాలరాయి 3 దగ్గర ఉంటుంది, గ్రానైటు 6 నుంచి 7 వరకు ఉంటుంది. చెప్పుల కింద ఇంట్లోకి వచ్చే ఇసుక రేణువు క్వార్ట్జ్, దాని గట్టిదనం 7. అంటే మీ గుమ్మం దాటి వచ్చే ప్రతి రేణువూ పాలరాయిని గీయగలదు. కొన్నేళ్లకొకసారి యంత్రంతో పాలిష్ పట్టించే ఖర్చు, ఆ వారం రోజుల దుమ్ము భరించే ఓపిక ఉన్నవారికి అది అందమైన రాయి, కాదనను. కొందరు ఇంటి యజమానులు దానిని రోజూ చూసి మురిసిపోతారు. వారికి అదే లాభం.

మీ బిల్డరు ఇస్తున్న డబుల్ ఛార్జ్ టైల్ నిజానికి మంచి సరుకు. దీనిలో రెండు రకాల పొడులను ఒకదాని మీద ఒకటి పోసి కలిపి నొక్కి కాలుస్తారు, పై రంగు పొర దాదాపు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది, కాబట్టి ఎంత నడిచినా రంగు అరిగిపోదు. దుకాణాల్లో జీవీటీ (గ్లేజ్డ్ విట్రిఫైడ్ టైల్) పేరుతో చూపించే మార్బుల్ నమూనా టైల్స్‌లో బొమ్మ గ్లేజు పూతలోనే ఉంటుంది. గట్టి వస్తువు పడి పెచ్చు లేస్తే లోపలి వేరే రంగు కనిపిస్తుంది. వాటి అందం వాటిదే, పడకగదులకు చక్కగా సరిపోతాయి.

పాలిష్ పట్టిన టైల్‌ను ఎంచుకునేటప్పుడు నల్ల మార్కరుతో ఒక గీత గీసి, పది నిమిషాలు ఆగి, స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి. నీడలాంటి గుర్తు మిగిలితే సన్నటి రంధ్రాలు సరిగా పూడలేదని అర్థం. రేపు పసుపూ టీ మరకలూ అక్కడే దిగుతాయి. 800 మిల్లీమీటర్ల టైల్ ఒకటి 6.89 చదరపు అడుగులు వస్తుంది. 500 చదరపు అడుగుల హాలుకు లెక్క ప్రకారం 73 చాలు, కోతల్లో పోయేవి కలిపి 80 అడగాలి, వాటి మీద ఒక పెట్టె అదనంగా తీసుకుని అటక మీద దాచాలి. దేశంలో తయారయ్యే టైల్స్‌లో అధిక భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచే వస్తాయి, అక్కడ డిజైన్లు బట్టల దుకాణంలో చీరల్లా మారిపోతుంటాయి. మూడేళ్ల తరువాత ఒక్క టైల్ పగిలినా అదే నమూనా దొరకదు. పెట్టెలన్నిటి మీద బ్యాచ్ సంఖ్య, షేడ్ సంఖ్య ఒకటేనా అని లోడు దిగే రోజే చూసుకోండి.

టైల్స్ మధ్య సందులు పూడ్చడానికి ఎపాక్సీ రెసిన్‌తో చేసిన గ్రౌటు అడగండి. ఖరీదు ఎక్కువే, కానీ సిమెంటు గ్రౌటు మురికిని పీల్చుకుని ఏడాదికే నల్లబడుతుంది, అప్పుడు మీరు ఎంత తుడిచినా ఇల్లు మాసినట్టే ఉంటుంది.

సమాధానం: వేళచ్చేరి వాసి, చెన్నై

లామినేట్ గురించి ఎవరూ చెప్పలేదు కనుక నా గోడు వినండి. లామినేట్ పలక లోపల ఉండేది చెక్క పీచును నొక్కి చేసిన అట్ట. పైన చెక్క బొమ్మ, దాని మీద గట్టి పూత మాత్రమే ఉంటాయి. కలిపిన అంచులలోకి నీరు దిగితే అది ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బినది తిరిగి కిందికి దిగదు. 2015 డిసెంబరు వానలకు మా కింది అంతస్తు ఇంట్లోకి నీరు వచ్చినప్పుడు, మోజుపడి లామినేట్ వేయించిన గది నేల అప్పడంలా లేచిపోయింది. పక్క గదిలో మా మామగారి కాలం నాటి మొజాయిక్ నేలను బురద కడిగి ఆరబెట్టాక ఎప్పటిలాగే ఉంది. మీది పై అంతస్తే కావచ్చు, అయితే ఏసీ నుంచి కారే నీరు, పిల్లలు ఒలకబోసే నీరు పై అంతస్తులోనూ ఉంటాయి. దానిని తడిగుడ్డతో కాకుండా దాదాపు పొడిగా పిండిన గుడ్డతోనే తుడవాలి, ఈ సంగతి ఇంటి పనికి వచ్చేవారికి రోజూ గుర్తుచేయడం ఒక ఉద్యోగం. చెక్క రూపమే కావాలంటే చెక్క నమూనా విట్రిఫైడ్ పలకలు దొరుకుతాయి.

మీకు నేల మీద ప్రత్యేకమైన సరదా ఉంటే పూజగదికో వరండాకో ఆత్తంగుడి టైల్స్ చూడండి. శివగంగ జిల్లాలోని ఆత్తంగుడిలో వీటిని కొలిమిలో కాల్చరు. గాజు పలక మీద రంగు సిమెంటు పోసి, వెనుక ఇసుక, సిమెంటు నింపి, నీటిలో నానబెట్టి గట్టిపరుస్తారు. నడిచిన కొద్దీ మెరుపు పెరుగుతుంది. ఇవి సిమెంటు సరుకు కాబట్టి వెనిగరు, యాసిడ్ దగ్గరికి రానివ్వకూడదు.

సమాధానం: నిదానం, జయనగర

నా అనుభవం ఒకే ఒక్క విషయం గురించి. మా నాన్నగారు రెండేళ్ల కిందట తడి ఆరని పాలిష్ టైల్ మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆ రోజు నేల మెరుస్తున్నదని అందరమూ మెచ్చుకున్నాము. మీ అమ్మగారి గదికి, బాల్కనీకి, ముఖ్యంగా స్నానాల గదికి మెరుపు టైల్ వద్దు. టైల్స్ జాబితాలో ఆర్9, ఆర్10, ఆర్11 అన్న గుర్తులు ఉంటాయి. అంకె పెరిగిన కొద్దీ జారుడు తగ్గుతుంది. స్నానాల గదికి కనీసం ఆర్10 తీసుకోండి, ఆర్11 మరీ గరుకుగా ఉండి మురికి పట్టి, బ్రష్షుతో రుద్దవలసి వస్తుంది. అంకెలను నమ్మడం కంటే మీ అమ్మగారిని దుకాణానికి తీసుకువెళ్లి, రెండు మూడు నమూనాలను నేల మీద పెట్టించి, కాస్త నీరు చల్లి, మీరు చేయి పట్టుకుని ఆమెను వట్టి కాళ్లతో నిలబడి చూడమనండి. దుకాణదారు వింతగా చూస్తారు, పట్టించుకోకండి.

ప్రశ్న అడిగినవారు: చెరువుగట్టు

మాస్టారూ, మీ పరీక్ష చేశాను, తల దించుకుని రాస్తున్నాను. ఫిల్టరు నీటి టైల్ తళతళలాడుతున్నది, కుళాయి నీటి టైల్ కొంచెం మసకగా ఉంది, రోజూ తుడిచే నీటి టైల్ తెల్లగా పాలిపోయింది. ఇక్కడ ఒక సంగతి దాచినట్టయింది. 2024 వేసవిలో నీటి కరువు వచ్చినప్పటి నుంచి మేము ఆర్‌ఓ ఫిల్టరు బయటికి వదిలే నీటిని డ్రమ్ములో పట్టి, అదే నేల తుడవడానికి వాడుతున్నాము. మా అపార్ట్‌మెంటులో సగం ఇళ్లవారు ఇలాగే చేస్తున్నారు, మేము గొప్ప పొదుపు చేస్తున్నామనే అనుకున్నాము.

బండల బేరం గారికి ఒక ప్రశ్న. మార్బుల్ ఆలోచన విరమించుకున్నాము. హాలుకు డబుల్ ఛార్జ్, అమ్మగారి గదికి మెరుపు లేని మ్యాట్ టైల్స్ అనుకుంటున్నాము. పూజగదిలో మాత్రం బిల్డరు తెల్ల పాలరాతి తిన్నె ముందే కట్టి ఇచ్చేశారు. దీపపు నూనె, కుంకుమ మరకలు పడితే ఏం చేయాలి?

సమాధానం: కెమిస్ట్రీ మాస్టారు, ఎలహంక

దొరికింది. ఆర్‌ఓ యంత్రం ఉప్పును మాయం చేయదు, తాగే నీటి నుంచి తీసి వదిలే నీటిలోకి నెట్టుతుంది. మీ కుళాయి నీటి కఠినత్వం లీటరుకు 600 మిల్లీగ్రాములు ఉందనుకోండి. మూడు లీటర్లు లోపలికి పోయి ఒక లీటరు తాగే నీరు వస్తే, మూడు లీటర్లలోని ఉప్పూ దాదాపు మిగిలిన రెండు లీటర్లలోనే చేరి, అది లీటరుకు 900 దగ్గరికి వస్తుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 కోరేది 200 లోపు, మరో నీటి వనరు లేనప్పుడు అనుమతించేది 600 వరకు. మీరు రోజూ నేలకు పలుచటి సున్నపు తేట పూస్తున్నారన్నమాట. పొదుపు మానవద్దు, ఆ నీటిని టాయిలెట్ ఫ్లష్‌కూ, బాల్కనీ గచ్చు కడగడానికీ మళ్లించండి. హాలుకు కుళాయి నీరు చాలు, చివర పొడి మాపు మరవకండి. నగరంలో 2007లో కలిసిన 110 గ్రామాల కోసం కావేరి తాగునీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరులో మొదలైంది. మీ కొత్త అపార్ట్‌మెంటుకు ఆ కనెక్షను ఉందో లేదో బిల్డరును రాతపూర్వకంగా అడగండి. కావేరి నీరు బోరు నీటి కంటే చాలా మృదువు, దానితో ఏ నేలైనా సగం శ్రమతో శుభ్రంగా ఉంటుంది.

సమాధానం: బండల బేరం, జిగణి

తిన్నె మీద దీపపు కుందె కింద ఒక ఇత్తడి పళ్లెమో నల్ల గ్రానైటు పలకో పెట్టండి. చీమకుర్తి గెలాక్సీ అనే నల్ల గ్రానైటు ముక్కలు మా వైపు కోత మిగులుగా చవకగానే దొరుకుతాయి. అయినా నూనె ఇంకితే, వంటసోడాను నీటితో గట్టి పెరుగులా కలిపి, మరక మీద వేలు మందాన పరిచి, ప్లాస్టిక్ కాగితం కప్పి అంచులు అతికించి ఒక రోజు ఉంచండి. తరువాత కాగితం తీసి పూర్తిగా ఎండనివ్వండి. ఎండేటప్పుడు ఆ పిండి నూనెను పైకి లాగుతుంది. పాత మరకకు ఇది రెండు మూడుసార్లు చేయాలి. కుంకుమ పడితే ముందు పొడిగానే ఎత్తేయండి, తడి చేయి తగిలితే రంగు దిగుతుంది. చింతపండుతో ఇత్తడి సామాను తోమే పని మాత్రం ఆ తిన్నె మీద ఎప్పుడూ పెట్టుకోవద్దు.

ఇంకొక్క మాట. ఇల్లు అప్పగించే ముందు టైల్స్ మీద ఎండిన సిమెంటు మరకలు పోవడానికి కూలీలు యాసిడ్ పోసి చీపురుతో రుద్దేస్తారు. దానివల్ల సందుల గ్రౌటు కొరుక్కుపోతుంది, తలుపుల స్టీలు బిగింపులు తుప్పు పడతాయి, ఒక్క చుక్క మీ పాలరాతి తిన్నె మీద చిందినా ఆ గుర్తు పాలిష్ యంత్రం వస్తే తప్ప పోదు. తుడిచే తేదీ ముందే కనుక్కుని, ఆ రోజుకు సెలవు పెట్టి, తిన్నెను మందపాటి ప్లాస్టిక్‌తో కప్పించి, అక్కడే ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి. అదే రోజు ఒక నాణెం తీసుకుని ప్రతి టైల్ నాలుగు మూలలా తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన వాటి మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, మేస్త్రీ ఇంకా అక్కడ ఉండగానే తీయించి మళ్లీ వేయించండి.